రేడియేటర్ సరిగ్గా వేడెక్కట్లేదా? ముందు చేత్తో తడిమి చూడండి

అక్టోబరు చివర్లో గడియారం ముల్లు గంట వెనక్కి వెళ్లేసరికి బ్రిటన్‌లో ఇళ్లన్నిటా హీటింగ్ మొదలవుతుంది. గదులు వేడిచేసేందుకు గోడలకు బిగించే రేడియేటర్లు వేసవంతా కదలకుండా పడి ఉంటాయి, వాటి లోపాలు కూడా ఆ వారంలోనే బయటపడతాయి. హాల్లో చెయ్యి పెట్టలేనంత వేడి, పడకగదిలో మంచు ముద్ద. మన ఊళ్లలో ఈ వస్తువు ఎరగం కాబట్టి చదువుకో ఉద్యోగానికో వచ్చి పాత ఇంట్లో అద్దెకు దిగినవాళ్లు మొదట చేసేది ఒకటే: ఎవరో చెప్పారని చిన్న తాళంచెవి లాంటి పనిముట్టు తెచ్చి లోపల చేరిన గాలి తీసేయడం. గాలి నిండిన రేడియేటర్‌కు అది మందే. మిగతా జబ్బులకు పనిచేయదు. పైగా గాలి తీసిన ప్రతిసారీ లోపలికి కొత్త నీళ్లు పట్టాలి, ఆ కొత్త నీళ్లతో వచ్చే ఆక్సిజన్ లోపలి ఇనుమును తుప్పు పట్టిస్తుంది. అందుకే ఏ జబ్బో తేల్చుకున్నాకే పానా పట్టుకోవాలి.

ఇక్కడ చెప్పేదంతా బాయిలర్ వేడిచేసిన నీళ్లు గొట్టాల్లో తిరిగే రేడియేటర్ల గురించి. ప్లగ్గుకు పెట్టే ఆయిల్ హీటర్లకు ఇది వర్తించదు.

ఏర్పాటు సులభమైనదే. బాయిలర్ నీళ్లను వేడి చేస్తుంది, పంపు తోస్తుంది. ఒక గొట్టంలో వేడి నీళ్లు రేడియేటర్‌లోకి వస్తాయి, రెండో గొట్టంలో కాస్త చల్లారి వెనక్కి పోతాయి. కుళాయిలో వచ్చే నీళ్లు వేరు, ఇవి వేరు. ఇవే నీళ్లు ఏళ్ల తరబడి లోపల తిరుగుతుంటాయి. రేడియేటర్ రెండు కొసల్లో కింద రెండు వాల్వులు ఉంటాయి. 1 నుంచి 5 దాకా అంకెలున్న లావుపాటి తలకాయ ఒకవైపు, ఇది గది వేడిని బట్టి తనే తెరుచుకుని మూసుకునే థర్మోస్టాటిక్ వాల్వ్. రెండో వైపు ఉత్త ప్లాస్టిక్ మూత, దాని కింద లాక్‌షీల్డ్ వాల్వ్. నీళ్లు ఎంత పారాలో బిగించి ఉంచేది అదే.

గది థర్మోస్టాట్‌ను 25కి పెంచండి, అన్ని రేడియేటర్ల తలకాయలనూ 5 మీద పెట్టండి, అరగంట ఆగండి. తర్వాత ఒక్కో రేడియేటర్‌ను తడమండి: పైన, మధ్యలో, అడుగున, రెండు కొసల దగ్గరి గొట్టాలు. గొట్టాలు బాగా కాలి ఉండొచ్చు, చేతి వెనక భాగంతో తాకి తీసేయండి. ఏ గదిలో ఎక్కడ చల్లగా ఉందో కాగితం మీద రాసుకుంటే సగం పని అయిపోయినట్టే.

ఇంట్లో ఒక్కటి కూడా వేడెక్కకపోతే తప్పు రేడియేటర్లది కాదు. టైమర్, గది థర్మోస్టాట్ బ్యాటరీలు, బాయిలర్ ప్రెషర్ ఈ మూడూ చూడండి. పైభాగం చల్లగా, అడుగు వేడిగా ఉంటే గాలి. అడుగున, ముఖ్యంగా నడిమధ్యలో చల్లగా ఉండి పైన, పక్కల వేడిగా ఉంటే మడ్డి. ఒక్క రేడియేటర్ మాత్రం మొత్తం చల్లగా ఉండి, వాల్వ్ కిందికొచ్చే గొట్టం వేడిగా ఉంటే ఎక్కువసార్లు తేలేది వాల్వ్ లోపల ఇరుక్కుపోయిన పిన్ను, నీళ్లకు దారి తెరిచి మూసేది అదే. బాయిలర్ దగ్గరి గదులు కాలిపోతూ దూరపు గదులు గోరువెచ్చగా ఉంటే బ్యాలెన్స్, అంటే రేడియేటర్ల మధ్య నీళ్ల పంపకం, తప్పింది.

ప్రెషర్

బాయిలర్ ముందు గుండ్రటి గేజ్ గానీ తెర మీద అంకె గానీ ఉంటుంది. చల్లగా ఉన్నప్పుడు 1 నుంచి 1.5 బార్ మధ్య ఉండాలి, నడుస్తున్నప్పుడు 2 దాకా పోవచ్చు. 1 కంటే బాగా కిందికి పడితే పై అంతస్తు రేడియేటర్లకు నీళ్లు సరిగ్గా ఎక్కవు, చాలా బాయిలర్లు ఆగిపోతాయి కూడా.

నింపడానికి ఎక్కువ ఇళ్లలో బాయిలర్ కింద వెండి రంగు అల్లిక గొట్టం ఉంటుంది, దాని రెండు కొసల్లోనూ చిన్న వాల్వులు. బాయిలర్ ఆపి చల్లారనిచ్చి, ఒక వాల్వ్ పూర్తిగా తెరవండి. రెండోది మెల్లగా, చూపు గేజ్ మీదే ఉంచి తెరవండి. 1.3 దాటగానే రెండూ కట్టేయండి. అవి సరిగ్గా కట్టుకోక నీళ్లు కొంచెం కొంచెం లోపలికి పోతున్నా ప్రెషర్ రాత్రికి రాత్రి ఎక్కిపోతుంది. 3 బార్ దగ్గర భద్రతా వాల్వ్ తెరుచుకుని గోడ బయటి రాగి గొట్టంలోంచి నీళ్లు కారతాయి. నింపాక ఆ అల్లిక గొట్టాన్ని విప్పి ఉంచాలనేది అక్కడి నీటి నిబంధన.

చాలా పాత ఇళ్లలో గేజ్ ఉండదు. అటకలో చిన్న ప్లాస్టిక్ తొట్టి ఉంటుంది, నీళ్లు తగ్గితే దాంట్లోంచి వాటంతటవే దిగుతాయి. దాంట్లోని తేలే బంతి ఏళ్ల తరబడి కదలక బిగుసుకుపోతే తొట్టి ఎండిపోతుంది, అప్పుడు మొదట చల్లబడేవి మేడ మీది రేడియేటర్లే. బంతిని చేత్తో రెండు మూడుసార్లు కిందికీ పైకీ ఆడిస్తే చాలాసార్లు నీళ్లు మళ్లీ మొదలవుతాయి.

పైన చల్లగా ఉంటే: గాలి తీయడం

కావలసినవి 5 మి.మీ. చతురస్రపు తాళంచెవి (ఏ హార్డ్‌వేర్ కొట్లోనైనా రెండు మూడు పౌండ్లు), ఒక పాత గుడ్డ, ఒక కప్పు. కొన్ని కొత్త రేడియేటర్లకు చదును స్క్రూడ్రైవర్ సరిపోతుంది.

హీటింగ్ ఆపి కనీసం అరగంట ఆగండి. ఎందుకంటే పంపు తిరుగుతుంటే గాలి ఒకచోట నిలవదు, కొన్నిసార్లు బయటి గాలిని లోపలికి లాగేస్తుంది కూడా. పైగా వేడి నీళ్లు చేతి మీద పడితే బొబ్బలెక్కుతాయి. కింది అంతస్తుతో మొదలుపెట్టి పైకి వెళ్లండి. పైకొసలో పక్కన ఉండే చిన్న స్క్రూలో తాళంచెవి పెట్టి ఎడమవైపుకు పావు చుట్టు తిప్పండి. అర చుట్టు దాటకండి. ఆ స్క్రూ మొత్తం ఊడి చేతికొస్తే నీళ్లు చిమ్ముతుండగా దాన్ని మళ్లీ పెట్టడం మహా కష్టం.

బుస్సుమని గాలి వస్తుంది. తర్వాత గాలీ నీళ్లూ కలిసి తుంపర్లు, ఆ తర్వాత సన్నటి ధార. ధార ఆగకుండా వచ్చిన వెంటనే బిగించండి. అది మెత్తటి ఇత్తడి, బలం చూపిస్తే అంచులు అరిగిపోతాయి. అన్నీ అయ్యాక గేజ్ చూసి, తగ్గితే నింపండి.

గాలీ రాక నీళ్లూ రాకపోతే, ప్రెషర్ సున్నాకి పడి ఉండాలి లేదా స్క్రూ రంధ్రం పెయింట్‌తోనో తుప్పుతోనో మూసుకుపోయి ఉండాలి.

ఒకసారి గాలి తీశాక ఏడాది పాటు మళ్లీ ముట్టుకోనక్కర్లేదు. నెలనెలా తీయాల్సి వస్తుంటే మాత్రం ఎక్కడో నీళ్లు కారుతూ ఉండాలి, లేదా లోపల తుప్పు జోరుగా సాగుతూ ఉండాలి. తుప్పు పట్టేటప్పుడు పుట్టే వాయువులో హైడ్రోజన్ ఉంటుంది, కనుక గాలి తీసేటప్పుడు దగ్గర మంట ఉండకూడదు. ఇలాంటి ఇంట్లో గాలి తీసి నీళ్లు నింపడాన్నే అలవాటు చేసుకుంటే జబ్బును పెంచి పోషిస్తున్నట్టే.

ఒక్కటి మాత్రం మొత్తం చల్లగా ఉంటే: పిన్ను

వేసవిలో థర్మోస్టాటిక్ తలకాయను సున్నా మీద పెట్టి వదిలేస్తారు. ఆరు నెలలు పిన్ను కిందికి నొక్కుకునే ఉంటుంది. చలికాలంలో తలకాయ 5కి తిప్పినా పిన్ను పైకి లేవదు, నీళ్లకు దారి తెరుచుకోదు. రేడియేటర్ మార్చాలని ఇన్‌స్టాలర్లు చెప్పిన చోట కూడా ఈ పిన్నును ఒకసారి చూడటం మంచిది, ఎందుకంటే దీనికి పట్టేది పది నిమిషాలు, కావలసిన నీళ్లు చుక్క కూడా లేదు.

తలకాయను 5 మీద పెట్టండి, అప్పుడు పిన్ను మీద ఒత్తిడి ఉండదు. తలకాయ మొదట్లో గరుకు రింగు ఉంటుంది, దాన్ని చేత్తో ఎడమవైపుకు తిప్పండి. బిగుతుగా ఉంటే గుడ్డ చుట్టి పానాతో మెల్లగా వదులు చేయండి. తలకాయ ఊడి వస్తుంది. నీళ్లు రావు, భయపడక్కర్లేదు. ఇప్పుడు ఇత్తడి వాల్వ్ మధ్యలో అగ్గిపుల్ల మందంలో మెరిసే పిన్ను కనిపిస్తుంది. అది కొన్ని మిల్లీమీటర్లు పైకి తేలి ఉండాలి. పానా పక్క భాగంతోనో చెక్కముక్కతోనో నొక్కితే స్ప్రింగు బిగువుతో కిందికి దిగి, వదలగానే టక్కున పైకి లేవాలి.

లేవకపోతే ఇరుక్కుంది. సిలికాన్ స్ప్రే గానీ డబ్ల్యూడీ-40 గానీ ఒక చుక్క వేసి, ఇత్తడి ఒంటిని పక్కల నుంచి పానా పిడితో చిన్నగా తట్టండి. కొంచెం నొక్కి వదలడం, మళ్లీ నొక్కి వదలడం, ఇలా ఇరవై ముప్పై సార్లు. మొదట వెంట్రుకవాసి కదులుతుంది, తర్వాత వదులవుతుంది. కటింగ్ ప్లేయరుతో పట్టి పైకి లాగొద్దు. పిన్ను చేతికొచ్చేస్తే ఆ రంధ్రంలోంచి నల్లటి నీళ్లు కార్పెట్ మీదికి చిమ్ముతాయి.

తలకాయ తీసి ఉంచే హీటింగ్ వేసి చూడండి. తలకాయ లేని వాల్వ్ పూర్తిగా తెరిచి ఉన్నట్టే లెక్క. అప్పుడు రేడియేటర్ వేడెక్కి, తలకాయ పెట్టగానే చల్లబడుతుంటే చెడింది తలకాయ, వాల్వ్ కాదు. లోపలి మైనం లేదా ద్రవపు గుళిక పాడై ఉంటుంది. తలకాయ ఒక్కటే కొనొచ్చు. చాలా కంపెనీలవి ఎం30 × 1.5 మరకు సరిపోతాయి, కొన్నిటికి సొంత కొలత ఉంటుంది. పాతది కొట్టుకు పట్టుకెళ్లడమే మేలు.

పిన్ను బాగుంటే రెండో కొస చూడండి. ప్లాస్టిక్ మూత పైకి లాగితే వస్తుంది, లోపలి కాడను పానాతో ఎడమవైపుకు ఒక చుట్టు తిప్పండి. గోడకు రంగు వేసేటప్పుడు దీన్ని కట్టేసి, మళ్లీ తెరవడం మరిచిపోయిన ఇళ్లు చాలానే ఉంటాయి.

రెండూ తెరిచి ఉన్నా చల్లగానే ఉంటే మిగతా రేడియేటర్లన్నిటినీ తలకాయల దగ్గర కట్టేసి, ఈ ఒక్కటే తెరిచి అరగంట నడపండి. పంపు బలమంతా ఈ ఒక్క దారిలోకే మళ్లుతుంది కాబట్టి గొట్టంలో చిక్కుకున్న గాలి బుడగైనా, వదులు మడ్డైనా చాలాసార్లు జరిగిపోతుంది. 8 లేదా 10 మి.మీ. సన్న గొట్టాలున్న ఇళ్లలో ఇది ఫలించకపోతే గొట్టమే మూసుకుపోయిందనుకోవాలి.

ఏ లోపమూ లేకుండానే గది వేడెక్కకపోవడమూ ఉంది. సోఫా వెనకో, దట్టమైన పరదా కిందో ఉన్న తలకాయ తన చుట్టూ చేరిన వేడినే గది వేడి అనుకుని ముందే కట్టేసుకుంటుంది. తడి తువ్వాళ్లు, జీన్స్ రేడియేటర్ నిండా కప్పితే వేడి గదిలోకి రాదు, తేమ గోడలకు పట్టి మూలల్లో నల్లటి బూజు లేస్తుంది. బట్టలకు స్టాండు వేరేగా పెట్టుకోండి.

అడుగున చల్లగా ఉంటే: మడ్డి

రేడియేటర్ ఉక్కు. నీళ్లలోని ఆక్సిజన్‌తో అది నల్లటి ఇనుప ఆక్సైడ్‌గా మారుతుంది. బరువైన మెత్తటి పొడి. నీళ్లు నెమ్మదించే చోట, అంటే అడుగున నడిమధ్యలో పేరుకుంటుంది. పరీక్ష తేలిక: గాలి తీసే స్క్రూ దగ్గర కాసిని నీళ్లు తెల్ల కప్పులో పట్టి, కప్పు అడుగుకు ఫ్రిజ్ అయస్కాంతం ఆనించి తిప్పండి. నల్లటి నలుసులు అయస్కాంతం వెంట పాకితే లోపల మడ్డి ఉన్నట్టే.

రెండు మూడు రేడియేటర్లలో ఉంటే క్లీనర్ రసాయనం మంచిది. బాయిలర్ దగ్గరి అయస్కాంత ఫిల్టర్ లోంచో, అటక తొట్టిలోంచో పోసి, సీసా మీద రాసినన్ని రోజులు తిరగనిచ్చి, నీళ్లన్నీ తీసేసి కొత్త నీళ్లు పట్టాలి. ఇల్లంతా అలాగే ఉంటే యంత్రంతో తోసి కడిగే పవర్ ఫ్లష్ నిపుణుల పని. ఒక్కటే ఉంటే దాన్ని విప్పి పెరట్లో కడగడం నమ్మకమైన మార్గం. అద్దె ఇంట్లో మాత్రం ఈ పని మీరు పెట్టుకోవద్దు.

విప్పే ముందు హీటింగ్ ఆపి పూర్తిగా చల్లారనివ్వండి. కింద ప్లాస్టిక్ పట్టా, దాని మీద పాత తువ్వాళ్లు పరవండి. ఈ నల్ల నీళ్లు కార్పెట్ మీద పడితే మరక పోదు. థర్మోస్టాటిక్ వైపు తలకాయ తీసి, వాల్వ్‌తో వచ్చిన గట్టి మూతను దాని చోట బిగించండి. సున్నా మీద ఉన్న తలకాయ చలి బాగా పెరిగితే తనంతట తానే తెరుచుకునే రకం అయ్యుండొచ్చు. లాక్‌షీల్డ్‌ను కుడివైపుకు తిప్పుతూ ఎన్ని చుట్లకు కట్టుకుందో లెక్కపెట్టి, ఆ అంకె టేపు మీద రాసి గోడకు అంటించండి. ఇది మరిచిపోతే బ్యాలెన్స్ మొత్తం మళ్లీ చేసుకోవాలి.

ఒక వాల్వ్ కింద బేకింగ్ ట్రే పెట్టండి. ఒక పానాతో వాల్వ్ ఒంటిని కదలకుండా పట్టి, రెండో దానితో రేడియేటర్‌ను వాల్వ్‌కు కలిపే నట్టును వదులు చేయాలి. ఒంటిని పట్టకుండా నట్టు తిప్పితే గొట్టమే మెలిపడి కింద అతుకు కారుతుంది. ఎటు తిప్పాలన్న తికమక చాలామందికి వస్తుంది: రేడియేటర్ వైపు నుంచి వాల్వ్ వైపు చూస్తున్నట్టు ఊహించుకుని ఎడమవైపుకు తిప్పండి. సన్నగా నీళ్లు మొదలవుతాయి. పైన గాలి స్క్రూ కట్టి ఉన్నంతసేపు ధార నెమ్మదిగానే ఉంటుంది, దాన్ని తెరిస్తే జోరు పెరుగుతుంది. ట్రే నిండితే నట్టు బిగించి పారబోసి రండి. రెండు మూడు బకెట్లు వచ్చినా ధార తగ్గకపోతే ఏదో ఒక వాల్వ్ పూర్తిగా కట్టుకోలేదని అర్థం. అప్పుడు నట్టు బిగించేసి పని ఆపండి.

నీళ్లు ఆగాక రెండో నట్టు కూడా విప్పి, ఇద్దరు పట్టుకుని కొక్కేల మీంచి పైకి లేపండి. రెండు పలకల రేడియేటర్ పెద్దదైతే ఒక్కరి వల్ల కాదు. కొసల్లో గుడ్డలు కుక్కి బయటికి తీసుకెళ్లి, ఒక కొసలో తోట గొట్టం పెట్టి నీళ్లు వదలండి. తలకిందులు చేసి, రబ్బరు సుత్తితో అడుగు భాగం మీద తడుతూ ఉండండి. మొదట సిరాలా నల్లగా, తర్వాత బూడిద రంగులో, చివరికి తేటగా వస్తుంది. ఆ నీళ్లు వాననీటి కాలువలోకి పోనివ్వొద్దు, మురుగు కాలువలోకి పోవాలి.

తిరిగి తగిలించేటప్పుడు అతుకు మొహాలు తుడిచి, జాయింట్ పేస్టు పలచగా రాసి, నట్లు చేతికి ఆగేదాకా తిప్పి పానాతో ఇంకొంచెం బిగించండి. లాక్‌షీల్డ్‌ను టేపు మీద రాసినన్ని చుట్లు తెరవండి. గాలి తీసి, ప్రెషర్ నింపి, రెండు అతుకుల కిందా పొడి టిష్యూ పెట్టి ఒక రాత్రి చూడండి. చల్లగా ఉన్నప్పుడు కారని అతుకు వేడికి కారవచ్చు.

నీళ్లు మార్చిన ప్రతిసారీ తుప్పును ఆపే ఇన్హిబిటర్ పోయాలి. ఫెర్నాక్స్ ఎఫ్1, సెంటినల్ ఎక్స్100 అక్కడ ఎక్కువగా వాడేవి. మామూలు ఇంటికి ఒక సీసా సరిపోతుంది, ఎన్ని లీటర్లకో సీసా మీద ఉంటుంది. ఇది మానేస్తే కడిగిన శ్రమంతా వృథా.

దూరపు గదులే చల్లగా ఉంటే: బ్యాలెన్స్

నీళ్లు సులువైన దారినే పోతాయి. బాయిలర్ దగ్గరి రేడియేటర్లు బార్లా తెరిచి ఉంటే దూరపు వాటికి మిగలవు. అందుకని దగ్గరివాటి లాక్‌షీల్డ్‌లను కొంత కట్టి పెట్టాలి.

అన్ని తలకాయలు తీసి, అన్ని లాక్‌షీల్డ్‌లు తెరిచి, ఇల్లు చల్లగా ఉన్నప్పుడు హీటింగ్ వేసి ఏది ముందు వేడెక్కుతోందో వరుస రాసుకోండి. అన్నిటికంటే ముందు వేడెక్కినదాన్ని పూర్తిగా కట్టి, పావు చుట్టు తెరవండి. తర్వాతి వాటిని కొంచెం కొంచెం ఎక్కువగా, చిట్టచివరిదాన్ని పూర్తిగా. ప్రతి మార్పు తర్వాత పది పదిహేను నిమిషాలు ఆగాలి, ఓపిక లేకపోతే ఈ పని చేయొద్దు.

లెక్కగా చేయాలంటే వచ్చే గొట్టానికీ పోయే గొట్టానికీ వేడి తేడా కొలవండి. పాత బాయిలర్లకు 11, 12 డిగ్రీల తేడా, పొగలో పోయే వేడిని కూడా వాడుకునే కండెన్సింగ్ బాయిలర్లకు 20 దాకా. తేడా తక్కువుంటే లాక్‌షీల్డ్ బిగించాలి, ఎక్కువుంటే తెరవాలి. ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ మెరిసే రాగి మీద తప్పు చూపిస్తుంది, గొట్టానికి నల్ల టేపు చుట్టి దాని మీద కొలవండి.

ఎక్కడ ఆగాలి

బాయిలర్ పెట్టె మూత తీసే పని, గ్యాస్ గొట్టం జోలికి పోయే పని గ్యాస్ సేఫ్ రిజిస్టర్‌లో, అంటే గ్యాస్ పనులకు అనుమతి ఉన్నవాళ్ల అధికారిక జాబితాలో, ఉన్నవాళ్లే చేయాలి. వాళ్ల గుర్తింపు కార్డు వెనకవైపు ఏ పనులకు అర్హత ఉందో రాసి ఉంటుంది, అడిగి చూడండి. వేడెక్కినప్పుడు ప్రెషర్ 3 దాకా ఎగబాకి, చల్లారాక సున్నాకి పడిపోతుంటే వేడికి ఉబ్బిన నీళ్లకు చోటిచ్చే ఎక్స్‌పాన్షన్ వెసెల్‌లో గాలి పోయి ఉండొచ్చు. ఎన్నిసార్లు నీళ్లు నింపినా లాభం లేదు, ఇంజినీరును పిలవండి.

అద్దె ఇంట్లో గాలి తీయడం, పిన్ను కదపడం దాకా మీరు చేసుకోవచ్చు. ఇంగ్లండ్‌లో గదులు వేడిచేసే ఏర్పాటును మరమ్మతులో ఉంచడం ఇంటి యజమాని బాధ్యత అని 1985 నాటి ల్యాండ్‌లార్డ్ అండ్ టెనెంట్ చట్టం 11వ సెక్షన్ చెబుతోంది. ఫోన్‌లో చెప్పి ఊరుకోకుండా మెయిల్ పెట్టండి. అందులో ఏ గది రేడియేటర్ ఏ భాగంలో చల్లగా ఉందో, ఏ తేదీ నుంచో రాయండి. గాలి తీశారా, పిన్ను చూశారా అన్నదీ చెప్పండి. చల్లగా ఉన్నప్పటిదీ, గంట నడిచాకదీ రెండు గేజ్ ఫొటోలు జతచేయండి. ఇవన్నీ చేతిలో ఉంటే వచ్చే ఇంజినీరు కావలసిన సామానుతోనే మొదటిసారి తలుపు తడతాడు.